మంచు మీద చల్లిన పొడి

మా గుమ్మడి తోటల్లో పిందె ఎందుకు నిలవడం లేదని పంచాయతీ సమితి వాళ్లు ఇన్నేళ్లుగా ఊళ్లో అందరినీ అడిగారు, నన్ను తప్ప. సమితి ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. బంధువుల పెళ్లిళ్లలో నన్ను చూపించి ‘కలుపు నాటినోడు’ అని నవ్వుకోవడం మాత్రం మానలేదు. అందుకే ఇలా పేపరుకు రాస్తున్నాను.

మాది సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఇసుక నేల. సంగం ఆనకట్ట నీళ్లు మా వైపు రావు. కార్తీకంలో పడిన వానే మాకు ఏడాది తేమ. ఆ తరువాత బావిలోంచి కడవలతో మోసి గుమ్మడి పాదులకు పోయాలి. నా తోటను ఆనుకొనే అక్క తోట. అక్కకూ బావకూ ఆ పాదులే ఆధారం.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక సంగతి గమనించాను. గట్టు మీద వెంపలి, తుమ్మి దుబ్బులుగా పెరిగిన మూలన ఉన్న పాదులకే కాయలు ఎక్కువ. పొద్దున్నే తేనెటీగలు ఆ చిన్న పువ్వుల మీద వాలి, అక్కడి నుంచి గుమ్మడి పువ్వుల్లోకి దూరేవి. అందుకని తోట చుట్టూ తంగేడు గింజలు వేశాను. లోపల వెంపలి, తుమ్మి చల్లాను. మొలిచిన ఏడాది తప్ప వాటికి చెంబెడు నీళ్లు పోయలేదు. ఎండలకు పక్క తోటల్లో ఆకు మాడిపోయినా నా కంచె పసుపు పూలతో నిలబడేది.

బావ గట్టు మీద నిలబడి, “ఏందిరా అబ్బయా, ఊరంతా కలుపు పీకతా ఉంటే నువ్వు నాటతా ఉండావు. తుమ్మికూర వండినప్పుడు మమ్మల్ని గూడా పిలువు” అన్నాడు.

“కాయలు చూసి మాట్లాడు బావా” అన్నాను.

చూశాడు. ఒక్కో పాదు దగ్గర వంగి కాయలు లెక్కపెట్టుకొని తన తోటలోకి వెళ్లిపోయాడు.

అరవైలు సగం గడిచాక పాదులకు ఎర్ర పెంకుపురుగు ఎక్కువైంది. సమితి తరఫున ఊళ్లు తిరిగే గ్రామసేవకుడు కొత్త పురుగుమందు పొడి తెచ్చి ఇచ్చాడు. పొడి చల్లడం మావాళ్లకు తెలియనిది కాదు. పొయ్యిలో బూడిదను పల్చటి గుడ్డలో మూటగట్టి, తెల్లవారి ఆకు మీద మంచు ఆరకముందే కర్రతో తట్టి రాల్చేవాళ్లు. తడికి బూడిద బాగా అంటుకుంటుంది. బావ కొత్త పొడిని కూడా అదే గుడ్డలో కట్టాడు, అదే వేళకు బయలుదేరాడు. గుమ్మడి పువ్వు విచ్చేదీ అప్పుడే, తేనెటీగ వచ్చేదీ అప్పుడే.

“సాయంత్రం చల్లు బావా. ఇప్పుడు పూలన్నీ విచ్చుకొని ఉండాయి.”

“సాయంత్రం మంచు యాడుందిరా? పొడంతా గాలికి కొట్టుకపోదా?”

గ్రామసేవకుడు పక్కనే ఉన్నాడు. “మీరన్నా చెప్పండి సార్” అన్నాను. ఆయన సైకిలు స్టాండు తీసి, “ఎప్పుడు చల్లినా పురుగు చస్తుంది గదా” అని వెళ్లిపోయాడు.

మూడో రోజుకు పువ్వుల కింద ఇసుకలో తేనెటీగలు వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతూ కనిపించాయి. గుప్పెడు ఏరి బావ అరచేతిలో పోశాను. దులిపేసుకున్నాడు. వారం దాటాక తంగేడు కంచె దగ్గర నిలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పూలన్నీ ఉన్నాయి. వాటి మీద ఏదీ లేదు.

ఆ నెలలోనే పిందెలు పండుబారి, మెత్తబడి రాలడం మొదలైంది. మొదట అక్క తోటలో, తరువాత నా తోటలో, ఆ పైన ఉత్తరం వైపు తోటలన్నింటిలో. పిందె రాలిన కొద్దీ పురుగే కారణమనుకొని మావాళ్లు ఇంకా ఎక్కువ పొడి చల్లారు.

రెండేళ్లు ఇలాగే గడిచాక, పురుగు నా కలుపులోనే దాక్కుంటోందని బావ ఊళ్లో అన్నాడు. ఎవరూ వచ్చి చూడలేదు. నేను పంటినొప్పికి నెల్లూరు ఆసుపత్రికి పోయి రెండో రోజు తిరిగి వచ్చేసరికి కంచె లేదు. తంగేళ్లు వేళ్లతో సహా కుప్పపడి ఎండుతున్నాయి. వెంపలి, తుమ్మి ఉన్నచోట నాగలి చాళ్లు కనిపించాయి. ఆ నాగలి బావది. అక్క తన తోటలో వంగి ఉంది. తల ఎత్తలేదు.

మరుసటి పంటకు అక్క చేస్తున్న పని చూశాను. తెల్లవారగానే పిందె లేని మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, పిందె ఉన్న ఒక్కొక్క పువ్వులో దాన్ని రుద్దుతూ పాదు పాదుకూ తిరుగుతోంది.

“ఏందక్కా ఇది?”

“ఈగలు రావడం ల్యా గదరా. ఎవురో ఒకరు తిరగాల గదా.”

“ఎందుకు రావడం ల్యో బావనడుగు.”

“నడుము పట్టేసుండాది. నన్ను మాట్లాడించబాక” అంది.

ఆ నడుముతోనే అక్క ఆ పంటా, దాని తరువాతి పంటా తోటంతా తిరిగింది. బావ గట్టు మీద కూర్చొని చూశాడు.

బావా, నువ్వు రోజూ కళ్లజోడు పెట్టుకొని పేపరు చదువుతావని నాకు తెలుసు. ఇదీ చదువు. నా తంగేడు ఆకు తిరగేసి ఒక్క ఎర్ర పురుగునైనా నువ్వు చూశావా? చూసి ఉంటే చూశానని చెప్పు, లేకపోతే లేదని చెప్పు. అక్క ముందర, నోరు తెరిచి చెప్పు.