డాలీ కోసం పరిచిన కోటు

కాలిఫోర్నియాలో కొండసింహాలను వేటాడటానికి చట్టం ఒప్పుకోదు. అందుకని అక్కడి ముసలి వేటగాడు వెండెల్ ఏటా చలికాలంలో తన వేటకుక్కలను ట్రక్కెక్కించుకుని ఐడహో కొండలకు వస్తాడు. కుక్కలన్నీ తిన్నాకే తాను తింటాడు. భోజనం ముందు ప్రార్థనలో వాటి పేర్లన్నీ చెబుతాడు. "దేవుడికి గుర్తుండవా పెద్దాయనా, రోజూ చెబుతావు?" అంటాడు ఆతిథ్యమిచ్చే రాయిస్. "ఆయనకు గుర్తేరా, మరుపంతా నాకే" అంటాడు వెండెల్. కుక్కలు తరమగా కొండసింహం చెట్టెక్కితే కాసేపు తలెత్తి చూసి, చాలాసార్లు కాల్చకుండానే కుక్కలను వెనక్కి పిలుస్తాడు.

ఈసారి ముసలి కుక్క డాలీ సింహం జాడ పట్టుకుపోయి, పొద్దు వాలినా తిరిగి రాలేదు. అలాంటప్పుడు వేటగాళ్లు కుక్కను వదిలినచోటే తమ ఒంటిమీది కోటు పరిచి వెళతారు. ఆ వాసనకు అది వచ్చి, మనిషి వచ్చేదాకా దానిమీదే పడుకుంటుంది. వెండెల్ కోటు పరిచాడు గానీ కదలలేదు. "లే, గడ్డకట్టిపోతావు. కోటు ఉందిగా, అదే వస్తుంది" అని రాయిస్ తన కోటు అతనికి కప్పి తీసుకుపోయాడు. తెల్లారి వచ్చేసరికి డాలీ కోటుమీదే ఉంది, ముక్కు కోటు చేతిమడతలో దూర్చుకుని, చలికి ప్రాణం పోయి బిగుసుకుపోయి. రాయిస్ టోపీ తీసేశాడు. "నేనే నిన్ను లాక్కుపోయాను" అన్నాడు. వెండెల్ అతని భుజం తట్టాడు. "నీ తప్పేం లేదబ్బాయ్. అది వచ్చింది. నేనే లేను."