కెమెరాలో పలికిన గౌళి

మార్కాపురంలో పలకల గనులకు పోయే దారిలో షంషుద్దీన్ ఫోటో దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక కుర్చీ, ఒక నల్లగుడ్డ, గోడకు మేడబొమ్మ గీసిన తెర. అంతే. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. నాయన సంతల్లో అత్తరు అమ్మేవాడు. నాయన వెంట తిరుగుతూ, సంతలో మూడుకాళ్ళ పెట్టె పెట్టుకుని ఫోటోలు తీసే ఒకాయన చుట్టూ తచ్చాడి, చూసి చూసి పట్టుకున్న విద్య. అందుకే అతని లెక్కలు అతనివి. పాత పెట్టెకు షట్టర్ లేదు. లెన్సు మీది ఇత్తడి మూత తీసి, లోలోపల బిస్మిల్లా మొత్తం ఒకసారి అనుకుని, మూత పెట్టేసేవాడు. మబ్బు పడితే రెండుసార్లు. ఆ చుట్టుపక్కల ఎన్ని హిందువుల పెళ్ళిళ్ళు అట్లా బిస్మిల్లా మీద ఫోటోలోకి దిగాయో!

బర్మాలో యుద్ధం జరుగుతున్న రోజుల్లో అతని చేతికి ఒక పాత లెన్సు వచ్చింది. బెంగళూరు సరుకు. షట్టర్ దాని లోపలే ఉంది. మీట ఎక్కించి రబ్బరు బుడ్డ నొక్కితే రెక్కలు తెరుచుకుంటాయి, లోపల పళ్ళచక్రాలు గిర్రున తిరుగుతాయి, తిరగడం అయిపోగానే రెక్కలు వాటంతట అవే మూసుకుంటాయి. మొదటిసారి ఆ గిర్రుమనడం విని షంషుద్దీన్ చేయి వెనక్కి లాక్కున్నాడు. చెడిపోయిందా, లేక దాని తీరే ఇంతా? అడుగుదామంటే ఆ ఊళ్ళో అట్లాంటి లెన్సు ఇంకొకటి లేదు. పొద్దస్తమానం చెవికి ఆనించుకుని వినేవాడు.

తిరగలి దగ్గర కూర్చున్న అతని భార్య చాంద్‌బీ ఇది చూసి నవ్వింది.

“ఏందయ్యా, కడుపులో బిడ్డ కదిలినట్టు అట్ల చెవి పెడతావు?”

“ఇది అరుస్తాంది. మంచి అరుపో, చెడ్డ అరుపో తెలవడంల్యా.”

“ఇటు తే.” ఆమె కూడా విన్నది. “నా తిరగలీ అరుస్తాది. మొదట్నుంచి కడదాకా ఒకే తీరుగ అరిస్తే అది దాని గొంతు. నడమ ఆగి మళ్ళా కదిలిందనుకో, లోపల రాయి ఇరుక్కున్నట్టు.”

లెన్సు ఒకే తీరుగానే అరిచింది. షంషుద్దీన్ మనసు కుదుటపడింది. కానీ చలికాలం మొదలయ్యాక ఒకనాటి పొద్దున అది గిర్రుమనబోయి మధ్యలో ఆగింది. మళ్ళీ నొక్కితే బాగానే తిరిగింది. చాంద్‌బీ మాట గుర్తొచ్చినా, ఒక్కసారే గదా అని ఊరుకున్నాడు.

ఆ వారంలోనే రాచర్ల దగ్గరి పల్లె నుంచి కబురు వచ్చింది. పిలిపించింది కాశమ్మ అనే ముసలామె. ఆమె చిన్నకొడుకు ఓబులేసు పటాలంలో చేరి బర్మా పోయినాడు. చాలా కాలంగా కబురు లేదు. కాశమ్మకు చూపు తగ్గుతోంది, దగ్గు పట్టుకుంది. కొడుకు తిరిగొచ్చే వేళకు తాను ఉంటుందో ఉండదో. ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటో ఒకటి ఉంటే వాడు చూసుకుంటాడని ఆమె ఆశ. పెద్దకొడుకు వెంకటసుబ్బయ్యకు ఇది ఇష్టం లేదు. అయినా తల్లి మాట కాదనలేక పిలిపించాడు.

షంషుద్దీన్ ముందురోజే వచ్చి వాళ్ళ పశువుల కొట్టంలో పడుకున్నాడు. పెట్టె కూడా రాత్రంతా ఆ చలిలోనే ఉంది. పొద్దున్నే వసారాలో చాప పరిచి కాశమ్మను మధ్యన కూర్చోబెట్టాడు. ఒకపక్క వెంకటసుబ్బయ్య, ఇంకోపక్క ఓబులేసు భార్య శ్రీశైలమ్మ. ఇరుగుపొరుగు వాళ్ళు వాకిట్లో గుమిగూడారు. పెట్టె వాకిట్లో నిలబెట్టి, మీట ఎక్కించి, అందరినీ కదలొద్దని చెప్పి బుడ్డ నొక్కాడు.

గిర్... అని ఆగిపోయింది.

రెక్కలు తెరుచుకుని అట్లాగే నిలిచాయి. వెలుతురు ఎక్కువై, బొమ్మ పడే గాజు ప్లేటు పాడైపోయిందని అతనికి అర్థమైంది. ప్లేటు మీదికి మూత దించి, నల్లగుడ్డ కింద తల పెట్టి ఏం చేయాలా అని చూస్తున్నాడు. బయటివాళ్ళు మాత్రం ఫోటో అయిపోయిందనుకున్నారు. చాప మీద అందరూ కదిలారు.

“నా ఓబులేసు వస్తానే దీన్ని చూపియ్యాల,” అంది కాశమ్మ. “సాయిబూ, నా మొగం బాగా పడిందా నాయనా?”

వెంకటసుబ్బయ్య దుప్పటి దులిపి లేచాడు. ఎన్నాళ్ళ నుంచో లోపల ఉన్న మాట అప్పుడు బయటపడింది.

“ఇంకెక్కడి ఓబులేసు లేమ్మా. వాడింక రాడు.”

అప్పుడే మిద్దె మీదుగా ఎండ వాకిట్లోకి, పెట్టె మీదికి దిగింది. ఆ వెంటనే ఎక్కడి నుంచో స్పష్టంగా వినిపించింది. టక్... టక్ టక్ టక్.

ఆ పక్కల ఒక మాట ముగియగానే గౌళి, అంటే బల్లి, పలికితే ఆ మాట జరిగి తీరుతుంది. పుట్టిన దగ్గర నుంచి అందరూ నమ్మిన సంగతి. వాకిట్లో పొరుగింటి యల్లమ్మ వంగి, వేలి కణుపుతో నేల మీద తట్టి “సత్యం” అంది. అలవాటుగా తట్టేసింది. తట్టిన తర్వాత గానీ తాను దేనికి తట్టిందో ఆమెకు తెలియలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాశమ్మ పెద్దగా ఏడవలేదు. చాప మీద ముందుకు ఒరిగిపోయింది. “పలికె. నా ఇంటి గౌళి పలికె,” అని గొణిగింది.

యల్లమ్మ శ్రీశైలమ్మ దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసింది. “నీళ్ళు పోసుకుందువు పా తల్లీ. కానియ్యాల్సింది కానియ్యాల. దినాలు జేయకుంటే వాడికీ మంచిది గాదు.” ఆమె చూపు శ్రీశైలమ్మ గాజుల మీద ఉంది.

శ్రీశైలమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. ఎవరి వంకా చూడకుండా నేరుగా పెట్టె వైపు తిరిగింది.

“సాయిబన్నా. ఆ సప్పుడు నీ పెట్టెలోది గదా?”

షంషుద్దీన్ నల్లగుడ్డ కింది నుంచి తల బయటికి తీశాడు. నల్లగుడ్డ కింద ఉన్నవాడికి శబ్దం ముఖానికి దగ్గరగానే వినిపించింది. కానీ మిద్దె దూలం మీద నిజంగా ఒక గౌళి ఉంది. ఇందాక పెట్టె సర్దేటప్పుడు అతనే చూశాడు. తన లెన్సు ఇంతవరకూ ఎప్పుడూ అట్లా పలకలేదు. తనదేనంటే, పాడైన సామాను తెచ్చాడని రాచర్ల నుంచి యర్రగొండపాలెం దాకా చెప్పుకుంటారు. తనది కాదంటే ఈ పిల్ల చేతులు బోసిపోతాయి. తెలియదంటే? అప్పుడూ అంతే.

“నా దాంట్లోదే అనుకుంటా తల్లీ,” అన్నాడు.

“అనుకుంటావా?” వెంకటసుబ్బయ్య ముఖం నల్లబడింది. అన్న మాట వెనక్కి తీసుకోలేక, నిజమైపోతుందేమోనన్న భయం భరించలేక గట్టిగా అరిచాడు. “అనుకుంటే చాలదు! నీదైతే మళ్ళా పలికియ్యి!”

షంషుద్దీన్ మీట ఎక్కించి నొక్కాడు. గిర్ర్ అని నున్నగా తిరిగి మూసుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. ఆరోగ్యంగా, తేనెటీగలాగా.

“ఇది వేరే సప్పుడు,” అన్నారు వాకిట్లో ఎవరో. “ఆ సప్పుడు గౌళిదే,” అని ఇంకొకరు.

“మంచోడివే సాయిబూ, ఆడకూతురి మీద జాలితో అంటాండావు,” అంది యల్లమ్మ. “పా శ్రీశైలం.”

“నేను రాను. పెట్టెకు ఇంకో అదును ఇయ్యండి.”

షంషుద్దీన్ లెన్సు చేత్తో పట్టుకున్నాడు. ఎండకు ఇత్తడి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగలగానే అతనికి ఒక ఆలోచన తట్టింది. దుకాణంలో ఆగిందీ చలి పొద్దునే. ఇక్కడ ఆగినప్పుడూ లెన్సు మంచుముద్దలా ఉంది. లోపల పాత నూనె, దాన్లో తన ఊరి పలకల దుమ్ము. చలికి గడ్డకట్టి చక్రాన్ని పట్టుకుంటుందేమో. ఎండ తగిలి సడలితే, మిగిలిన పళ్ళు ఒక్కొక్కటే కదిలి పలుకుతుందేమో. ఏమో, కాకపోవచ్చు కూడా.

“సుబ్బయ్యన్నా, నీడలో ఉన్న నీళ్ళకుండ యాడుంది?”

లెన్సు ఊడదీసి, తడిగుడ్డ చుట్టి, కుండకు ఆనించి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క చుక్క లోపలికి పోతే లెన్సు పనికిరాకుండా పోతుంది. అతని వేళ్ళు మొద్దుబారాయి. వాకిట్లో జనం అసహనంగా కదులుతున్నారు.

“ఏంది, పసిబిడ్డకు జొరమొస్తే తడిగుడ్డ వేసినట్టు?” అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

లెన్సు బాగా చల్లబడ్డాక గుడ్డ విప్పి, తుడిచి, మీట ఎక్కించి వేలితో నొక్కాడు.

గిర్...

ఆగింది. రెక్కలు తెరుచుకునే ఉన్నాయి. షంషుద్దీన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, నిండు గ్లాసు మోసినట్టు వాకిట్లోకి నడిచి, ఎండలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఇప్పుడు పలకాల,” అన్నాడు.

పలకలేదు. జనం దగ్గరికి జరిగారు. వెంకటసుబ్బయ్య వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీయడం కూడా మరిచి చూస్తున్నాడు. శ్రీశైలమ్మ కళ్ళు మూసుకుంది. షంషుద్దీన్ చేయి కదలకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. లోపల బిస్మిల్లా అనుకున్నాడు. ఇంకోసారి అనుకున్నాడు.

కాశమ్మ చాప మీద నుంచి లేచి, తడుముకుంటూ వచ్చి అతని పక్కన కూలబడింది. లెన్సుకు నోరు దగ్గరగా పెట్టింది.

“నా కొడుకు వస్తాడు,” అంది.

ఏమీ లేదు.

“ఓబులేసు వస్తాడు. తిన్నగా ఇంటికి వస్తాడు.”

టక్... టక్ టక్ టక్. రెక్కలు మూసుకున్నాయి.

వాకిట్లో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు. కాశమ్మ వేలి కణుపుతో నేల మీద గట్టిగా తట్టి “సత్యం” అంది. వెంకటసుబ్బయ్య నేల మీద కూర్చుండిపోయాడు. ముఖం తుండుగుడ్డతో కప్పుకున్నాడు. గుడ్డ కింది నుంచే అన్నాడు, “అమ్మా, అది గౌళి గాదు గదా. నా మాటకు పలికింది వట్టిదైతే, నీ మాటకు పలికిందీ వట్టిదే.”

“నోరు మూసుకోరా. పలికింది గదా.”

యల్లమ్మ వచ్చి శ్రీశైలమ్మ గాజులు ముందుకు జరిపి సర్దింది. “పొద్దుగాల్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలా నువ్వు. నా నోట్లో మన్నుబడ. సాయిబూ, నీకూ ఏమన్నా పెడతా, లెయ్యి.”

“ఫోటో తీయాల గదక్కా ముందు,” అన్నాడు షంషుద్దీన్. ఇంకో ప్లేటు మిగిలి ఉంది.

లెన్సు మళ్ళీ బిగించాడు. ఈసారి చక్రాలను నమ్మలేదు. రెక్కలను తెరిచి నిలిపి, మూత తీసి, తన పాత పద్ధతిలో లోపల అనుకుని మూత పెట్టేశాడు.

ఆ తర్వాత అతను ఆ షట్టర్‌ను మళ్ళీ ఎప్పుడూ వాడలేదు. పాడైన సామాను అన్న మాట రాలేదు గానీ, ఇంకో తలనొప్పి వచ్చింది. పెళ్ళి కుదురుతుందా, తప్పిపోయిన ఎద్దు దొరుకుతుందా అని పల్లెల నుంచి జనం దుకాణానికి వచ్చి పెట్టెను పలికించమనేవాళ్ళు. “అది గౌళి గాదు నాయనా, మురికి,” అని ఓపిగ్గా చెప్పి పంపేవాడు. “మురికైతేనేం, ఒక్కసారి పలికియ్యి,” అని కొందరు గుమ్మంలోనే కూర్చునేవాళ్ళు. చాంద్‌బీ వాళ్ళకు తిరగలి చూపించి, దీన్ని అడగండని తిప్పి పంపేది.

ఆ ఫోటో షంషుద్దీన్ దుకాణంలో ఇంకో కాపీగా చాలా కాలం ఉంది. అందులో వెంకటసుబ్బయ్య తల వంచుకుని ఉంటాడు. శ్రీశైలమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద, గాజులు కనబడేట్టు పెట్టుకుంది. కాశమ్మ ముఖం శుభ్రంగా పడింది గానీ, ఆమె కుడిచేయి మాత్రం పొగలాగా చెదిరిపోయి ఉంటుంది. కదలొద్దని ఎంత చెప్పినా, మూత తెరిచినంత సేపూ ఆమె వేలితో చాప మీద తడుతూనే ఉంది.