లచ్చవ్వ బావి, ఓదెలు సార్ పరీక్ష

మొన్న కరీంనగర్ నుంచి మంచిర్యాలకు వస్తుంటే పెద్దపల్లిలో ఒక రైతు బస్సెక్కి నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఒళ్లో పత్తిచేనుకు కొట్టే పురుగుమందు డబ్బా. మూత సరిగా బిగించలేదేమో, కుళ్లిన వెల్లుల్లిలాంటి వాసన గుప్పుమని కొట్టింది. కిటికీ అద్దం జరిపి ముఖానికి గాలి తగిలేలా కూర్చున్నాను. మంచిర్యాల దాకా ఓదెలు సారే మనసులో మెదిలారు.

ఓదెలు సార్ శ్రీరాంపూర్ గని కార్మికుడి కొడుకు. కరీంనగర్‌లో మా ఎమ్మెస్సీ క్లాసుకు కెమిస్ట్రీ చెప్పేవారు. పొట్టి మనిషి, మాట నెమ్మది. పెద్ద పరికరాలు కొనే స్తోమత మా కాలేజీకి లేదు. ఆయన ఒక పాత బల్ల మీదే బంగారపు నానో కణాలు తయారుచేసేవారు. బంగారాన్ని కంటికి ఆననంత చిన్న కణాలుగా నీళ్లలో నిలిపితే ఆ నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. కణాలు విడివిడిగా ఉన్నంతసేపే ఆ ఎరుపు. కొన్ని రకాల పురుగుమందులు తగిలితే అవి గుంపుకట్టి, ఎరుపు నీలమవుతుంది. చదువు రానివాళ్లు కూడా చూసి తెలుసుకోగలిగే పరీక్ష కావాలన్నది ఆయన పట్టుదల.

కొండగట్టు పోయే దారిలోని ఒక ఊళ్లో లచ్చవ్వ అనే ఆమెకు ఉన్న రెండు బర్రెలూ ఒక్క వారంలో చచ్చిపోయాయని తెలిసి, సార్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఆమె ఇంటి వెనక బావి. బావికి ఎగువన పురుగుమందుల గోదాము. ఖాళీ డ్రమ్ములు కడిగిన నీళ్లు ఇటే పారేవి. సీసాల్లో నీళ్లు తెచ్చి పరీక్షిస్తే మొదటిసారే నీలం వచ్చింది. నేను గంతులేసినంత పని చేశాను. సార్ మాత్రం ఆ గోదాముకు చాలా దూరంలో ఉన్న ఒక బోరు నీళ్లు తెప్పించి పరీక్ష పెట్టమన్నారు. అదీ నీలమే అయింది.

"సంబురపడకు స్వరూపా. నీళ్లల్ల ఉప్పుకు గూడ గిట్లనే రంగు మారుతది. ముందుగాల మనల్ని మనమే అనుమానించాలె."

ఆ అనుమానం తీర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. విషాన్ని అంటించుకునే పూత పూసిన ఇనుప నానో కణాలను నీళ్లలో కలిపేవాళ్లం. గాజు పాత్రకు అయస్కాంతం ఆనిస్తే కణాలన్నీ నల్లటి చారలా ఆ గోడకు చేరేవి. నీళ్లు వంపేసి, ఉప్పు పోయేలా ఆ చారను మూడుసార్లు కడిగి, అది పట్టుకున్నదాన్ని విడిపించి, అప్పుడు బంగారపు నీళ్లు కలపాలి. దూరపు బోరు నీళ్లు ఎర్రగానే నిలిచాయి. లచ్చవ్వ బావి నీళ్లు పదిసార్లు చేస్తే పదిసార్లూ నీలమయ్యాయి. సార్ ఆ ఫలితాన్ని అధికారులకు రాసి పంపారు.

గోదాము యజమాని మా కాలేజీ కమిటీలో సభ్యుడని మాకు తర్వాత తెలిసింది. ప్రిన్సిపల్ నన్ను పిలిపించారు. బల్ల మీద నా ప్రాజెక్టు పుస్తకం, పక్కనే టైపు చేసిన కాగితం. నేను కణాలను కడగడం మరిచానని, ఉప్పు వల్లే రంగు మారిందని అందులో ఉంది. సార్ నాకు నేర్పిన అనుమానాన్నే ఆయన మీదికి తిప్పారు. సంతకం పెడితే ప్రాజెక్టు పాసవుతుందన్నారు. ఎవరూ గద్దించలేదు. చాయ్ కూడా ఇప్పించారు. మా ఇంట్లో అంతవరకు చదివినదాన్ని నేనే. నన్ను చదివించిన మా బాపు ముఖం గుర్తుకొచ్చింది. సంతకం పెట్టాను.

మర్నాడు ల్యాబుకు వెళ్తే సార్ గాజు గొట్టాలు తుడుస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఒక్కటి చెప్పు. కడిగినవా, లేదా?"

"కడిగిన సార్. మూడుసార్లు."

"గంతే. పరీక్ష తప్పు గాదన్నట్టు."

మళ్లీ గొట్టాలు తుడవసాగారు. తిట్టి ఉంటే కోపం తెచ్చుకోవడానికైనా నాకు వీలుండేది. ఆ నెలలోనే ఆయన్ని ఉద్యోగం మానిపించారు. శ్రీరాంపూర్ వెళ్లి ట్యూషన్లు చెప్పుకున్నారు.

నేను సంతకం పెట్టిన కాగితం చూసి అధికారులు బావిని మూయించలేదు; వేరే దారి లేక ఆ ఇంట్లో అవే నీళ్లు తాగుతున్నారు. తొలకరి వానలకు గోదాము ముంగిలి నీళ్లన్నీ బావిలో దిగాయి. లచ్చవ్వ కోడలు రజిత చేను నుంచి వచ్చి ఆ నీళ్లు తాగింది. ఒళ్లంతా వణికి, నోట నురగ వచ్చి, ఆసుపత్రిలో రెండో రోజు పోయింది. ఒంట్లో పురుగుమందు ఉందని తేలింది. అత్తతో పడక తానే మందు తాగిందని ఊరంతా అన్నది. దుబాయిలో ఉన్న మొగుడూ అదే నమ్మి తల్లితో మాట మానేశాడు. సంగతి తెలిసి సార్ నాకు ఫోన్ చేశారు. ఇద్దరం వెళ్లేసరికి బావిని మట్టితో పూడ్చేశారు. పరీక్షించడానికి చుక్క నీరు లేదు.

లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నా కోడలు మందు తాగలే బిడ్డా. బాయి నీళ్లు తాగింది. మీరు పరీక్ష జేసిన కాయితం ఉంటది గద, జర నా కొడుక్కు చూపెట్టు."

సార్ ముందుకొచ్చి, "కాయితం నిలవలే అవ్వా. నేనే సరిగ రాయలే," అన్నారు. ఆమె నా చెయ్యి వదిలి ఆయన్ని తిట్టింది. ఆయన నిలబడి విన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండేళ్లకు సార్ గుండెపోటుతో పోయారు. ఆ తర్వాతే నేను లచ్చవ్వ కొడుకు నంబరు సంపాదించి జరిగిందంతా చెప్పాను. చివరిదాకా విని, "అప్పుడెందుకు చెప్పలే మేడం?" అని ఒక్కటే అడిగాడు. అప్పటికి లచ్చవ్వ కూడా లేదు.

ఇప్పుడు మంచిర్యాలలో ఒక నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ఎంతటివాళ్లు చెప్పినా ఫలితంలో ఒక్క అంకె మార్చనని నాకు పేరు. కొత్తగా చేరినవాళ్లు అది నా గుణమనుకుంటారు. ఒకసారి మార్చి, ఏమవుతుందో చూసినదాన్నని వాళ్లకు తెలియదు. ఆ రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టకుంటే రజిత బతికేదేమో. బతకకపోయినా, మందు తాగి చచ్చిందన్న మాటైనా పడకపోయేది.