ఆదివారం దాకా ఆగుదాం

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా అత్త ప్రభువునందు నిద్రించింది. ముందురోజు ఆయాసంగా ఉందంటే గిద్దలూరు ఆస్పత్రికి తీసుకుపోయినాము. మళ్లీ ఇంటికి రాలేదు. సమాధి దగ్గర అందరూ ఆమె ప్రార్థన గురించి, చేతివంట గురించి చెప్పినారు. మా ఇంటిని ఆమె ఎట్ల నిలబెట్టిందో చెబుదామని నేనూ లేచినాను గానీ చెప్పలేక కూర్చున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

మా ఆయన ఆటో తోలతాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అత్త మేకలు కాసేది. ముగ్గురం సంపాదించేవాళ్లమే, అయినా నెలాఖరుకు సరుకులకు చాలక ఒక మేకను అమ్మేవాళ్లం. ఆయనకు స్టాండులో స్నేహితులతో బిర్యానీలు, నాకు ఫోన్లో కనబడిన చుడీదారల్లా తెప్పించుకోవడం. డబ్బు కట్టడానికి ఫోన్ చూపిస్తే చాలు, చేతిలోంచి ఏదీ పోయినట్టే ఉండేది కాదు. మంద మాత్రం పలచబడతా వచ్చింది. చూలు మేకను గూడా బేరం పెట్టిన రోజు అత్త తాడు వదల్లేదు.

"దీన్ని ఇయ్యను. నా మందను మీ ఫోన్లు మేస్తా ఉండాయి," అనింది.

బేరగాడు వెళ్లినాక తనే నవ్వింది. "నేను మాత్రం తక్కువదాన్నా? పెండ్లంటే చాలు, అందరికంటే పైన చదివింపులు చదివిస్తా. ముగ్గురం మారదాం."

ఆమె పెట్టిన పద్ధతి ఒకటే. తిండి, మందులు, మా పాప బడి ఫీజు, ఆటో ఖర్చు ఆగవు. మిగతాది ఏది కొనాలనిపించినా ఆదివారం చర్చి నుంచి వచ్చేదాకా ఆగాల. "అప్పుడు గూడా కావాలనిపిస్తే కొనుక్కోండి, నేనేమీ అనను," అనింది. నిజంగానే అనేది కాదు. బుధవారం నాడు ఇది లేకపోతే ఉండలేననిపించిన చుడీదారు ఆదివారానికి నాకు గుర్తు గూడా ఉండేది కాదు.

మా ఆయనకు అంత సులువు కాలేదు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చినాడు. నేను గొడవకు దిగబోతే అత్త అడ్డమొచ్చింది. "జారినాడు, లేస్తాడు. నువ్వు అరిస్తే ఈసారి దాచిపెట్టి కొంటాడు." ఆ మాట నా కూతురి విషయంలో ఇప్పటికీ పనికొస్తోంది.

అత్త వంతు కష్టం దర్శిలో వచ్చింది. వాళ్ల అన్న కూతురి పెండ్లి. చదివింపుల దగ్గర మా కవరు విప్పి చూసి, వాళ్ల వదిన అందరూ వినేటట్టు అడిగింది. "ఏందమ్మా, ఈసారి చెయ్యి ముడిచినావు?"

అత్త ముఖం చిన్నబోయింది. గొంతు మాత్రం తడబడలేదు. "ఉన్నదాంట్లో ఇచ్చినా వదినా. లేనిదాంట్లో ఇన్నేండ్లు ఇచ్చింది చాలు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మార్కాపురం దాకా కొంగుతో కండ్లు తుడుచుకుంటానే ఉంది. "సిగ్గుగా ఉందే," అనింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్టాండులో దిగి టీ తాగినాక తేరుకుని, "అయితేనేం, చూలు మేక ఇంట్లోనే ఉంది గదా," అనింది.

ఆ నెలాఖరుకు ఏ మేకనూ అమ్మలేదు. ఆ తర్వాతి నెలా అమ్మలేదు. చూలు మేక రెండు పిల్లలను ఈనింది. వానల్లో ఆటో టైర్లు అరిగిపోతే ఇంట్లో ఉన్నదానితోనే మార్చుకున్నాము. మా ఆయన స్టాండులో తినడం మానేసి, ఆదివారం బిర్యానీ ఇంటికే తెచ్చి అందరికీ పెట్టేవాడు.

ఒక ఆదివారం నేనే అడిగినాను. "అత్తా, నీకేం కావాల? నువ్వెప్పుడూ ఏదీ అడగవు."

ఆమె దగ్గర జవాబు ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టుంది. "నంద్యాల రైలెక్కాల. ఆస్పత్రికీ కాదు, చావుకీ కాదు. ఊరికే."

ఈ చలికాలంలో నలుగురం ఎక్కినాము. కిటికీ పక్కన ఆమె, ఆమెను ఆనుకుని నా కూతురు. దిగువమెట్ట దాటినాక అడవి దగ్గరికొచ్చింది. సొరంగంలోకి పోగానే పాప కేక పెట్టింది. ఆ చీకట్లో దానికంటే గట్టిగా ఇంకో కేక. మా అత్తది! పెట్టెలో అందరూ నవ్వినారు. రైలు వెలుతురులోకి వచ్చేసరికి ఆమె జుట్టంతా చెదిరిపోయి ఉంది. కిటికీ కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని, ఇంకో సొరంగం ఎప్పుడొస్తుందని కొడుకును అడుగుతా ఉంది.