క్రిస్మస్ మసాలా నూరిన కల్వం

వేలికొసకు అంటిన మసాలా పొడిని నాలుక మీద పెట్టుకున్నాను. మొదట లవంగం ఘాటు తగిలింది, తర్వాత దాల్చినచెక్క తీపి, ఆ వెనక జాజికాయ. అవన్నీ దిగిపోయాక నాలుక మొదట్లో ఒక చేదు లేచి అక్కడే నిలిచిపోయింది. 1962 డిసెంబరు ఇరవై నాలుగో తేదీ, మధ్యాహ్నం మూడు దాటింది. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే.

అప్పుడు నేను నల్లగొండ జిల్లాలో, చిట్యాల నుంచి కొంత లోపలికి ఉన్న ఒక మిషన్ దవాఖానలో రెండో కాంపౌండరుని. హైదరాబాదులో రసాయనశాస్త్రంతో బి.ఎస్సీ. చదివి, కాంపౌండరు పరీక్ష రాసి ఆ ఉద్యోగంలో చేరాను. డాక్టరు చీటీ మీద రాసిన మందును తూచడం, నూరడం, కలపడం, పొట్లం కట్టడం మా పని. నాకు పైన పెద్ద కాంపౌండరు దేవదానం గారు. ఉద్యోగం మానేసి ఇప్పటికి రెండేళ్ళయింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వాళ్ళ ఊపిరి విని వస్తున్నాను. ఈ అలవాటు ఆ రోజు నుంచే వచ్చింది.

మా దవాఖాన ఆవరణలో ఒక ఆనవాయితీ ఉండేది. క్రిస్మస్ ముందురోజు మందుల గదిలో మందులు నూరే రాతి కల్వాన్ని కడిగి వరండాలో పెట్టేవారు. ఇళ్ళల్లో రోలు, రోకలి ఉన్నా వాటితో మసాలా బరకగానే వస్తుంది. కూరలోకైతే ఫరవాలేదు కానీ, కేకులో జాజికాయ పలుకు పంటికి తగిలితే ఆ ఇంటి ఇల్లాలికి ఏడాదంతా మాటలు తప్పేవి కావు. కల్వంలో నూరితే పొడి మెత్తగా మైదాలా వచ్చేది. అందుకే నర్సులు, ఆయమ్మలు, డాక్టరమ్మ ఇంటి వంటమనిషి, అందరూ తమ తమ పొట్లాలతో వచ్చేవారు. కల్వం మందుల గదిది కాబట్టి మొదటి వంతు ఎప్పుడూ మందుల గదివాళ్ళదే. ఆ ఏడు అది మా ఇంటి పొట్లం.

మా ఇంటి కేకు మా అత్తమ్మది. ఆమె పుట్టింటివాళ్ళు పాలమూరు వైపు గొర్లు కాసుకునేవారు. తాతల కాలంలో క్రైస్తవంలోకి వచ్చారు. వాళ్ళ ఇంట్లో కేకు అనే మాట వచ్చిన తర్వాత కూడా మసాలా మాత్రం మాంసం కూరదే మిగిలింది. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జాజికాయ, శొంఠితో పాటు సాజీర, నాలుగు మిరియాలు పడాల్సిందే. మైదా దొరకని ఏళ్ళలో సగం జొన్నపిండి కలిపేది. చక్కెరను నల్లగా మాడ్చి ఆ నీళ్ళతో రంగు తెచ్చేది. పెద్ద గుండిగ అడుగున ఇసుక పోసి, మధ్యలో పిండి డబ్బా దించి, మూత మీద నిప్పులు పరిచేది. పొయ్యి పక్కన కూర్చుని వాసనను బట్టే ఉడికిందో లేదో చెప్పేది. ఏ పిండి కలిపినా గుప్పెడు ఉప్పు వెయ్యనిదే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ఈ ఉప్పు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ ఉదయం కల్వంలో మొదట మా మసాలా నూరి, పొట్లాన్ని వార్డు ఆయమ్మ చేత ఇంటికి పంపించాను. పనిలో పడి రుచి చూడలేదు. మధ్యాహ్నం డాక్టరమ్మ ఇంటి మసాలా నూరారు. జాజికాయ చాలిందా అని వాళ్ళు అడిగితే వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాను.

లవంగం చేదు నాకు తెలుసు. అది నాలుకను మొద్దుబారుస్తుంది. ఇది వేరు. మందుల గదిలో ఇంతటి చేదు ఉన్నవి రెండే. ఒకటి క్వినైన్, మలేరియా మందు. దేవదానం గారు ఆ ముందురోజు కట్టంగూర్ క్యాంపు కోసం క్వినైన్ బిళ్ళలు నూరి, పిల్లల మోతాదుకు పొట్లాలు కట్టారు. రెండోది విషముష్టి. ఊళ్ళో పిచ్చికుక్కలు తిరుగుతుంటే, వాటిని చంపడానికి అన్నం ముద్దల్లో పెట్టే విషంగా ఆ గింజల పొడి కావాలని ఊరి పెద్దలు అడిగారు. అదీ ఆ వారంలోనే తయారైంది. దాన్ని దేనిలో నూరారో నాకు తెలియదు. చెప్పగలిగిన దేవదానం గారు వ్యానులో కట్టంగూర్ వెళ్ళారు. సాయంత్రానికి గాని రారు.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. కల్వంలో మిగిలిన మందును మొదటి మసాలా ఎక్కువగా తుడుచుకుపోయి ఉంటుంది. రెండో మసాలాకే ఇంత చేదుంటే మొదటిది ఎంత చేదుగా ఉండాలి? ఆ మొదటిది మా ఇంటికే వెళ్ళింది.

డాక్టరమ్మ ఇంటి పొడిని ఎవరూ ముట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను. క్వార్టర్స్ వైపు పరుగెత్తాను. అత్తమ్మ పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఏందే, గట్ల ఉరికొచ్చినవ్? దవాఖానకు గిన అగ్గంటుకున్నదా?"

"కేకు పిండి ఏది అత్తమ్మా? పిల్లలు తిన్నరా?"

"పిండి గాడ మూతేసి పెట్టిన. నిప్పులు పడాలె గద. పిల్లలకు గిన్నె నాకనిచ్చిన. ఏటేటా నాకిస్త, కొత్తనా? గీ పోరి చేదున్నదని మొకం తిప్పింది. శక్కర మాడబెడితె జర చేదుండదా? రెండు తగిలిచ్చి మింగమన్న. నీ బిడ్డె గద, అన్నిట్ల వంకలు పెడ్తది. పోరడైతె పాపం రెండు చేతులతోటి నాకిండు."

సుగుణకు అప్పుడు ఐదేళ్ళు, ప్రసాదుకు మూడు. ఇద్దరూ వాకిట్లో గోలీలు ఆడుతున్నారు. పిల్లవాడి చెంప మీద పిండి ఎండి ఉంది. మావారు చర్చికి పెట్రోమాక్స్ దీపాలు తేవడానికి నల్లగొండ వెళ్ళారు. ఇద్దరినీ చెరో చంకన ఎత్తుకుని దవాఖానకు తెచ్చాను. అత్తమ్మ వెనకాలే పిండి గిన్నెతో వచ్చింది. ఏం జరిగిందో దారిలో చెప్పాను.

డాక్టరమ్మ గుంటూరు మనిషి. కంగారు పడకుండా విని, ముందు అత్తమ్మను అడిగింది.

"ఎప్పుడు తిన్నారండీ పెద్దమ్మగారూ?"

"అన్నం తిన్నంక. గప్పటికి ఎండ ఇంక గడప దాటలే."

"అయితే గంట దాటింది. విషముష్టి అయితే ఈపాటికి కాళ్ళూ చేతులూ బిగియడం మొదలవ్వాలి. కానీ కడుపు నిండా అన్నం ఉంది, ఆలస్యం కావచ్చు." నా వైపు తిరిగింది. "చీకటి గదిలో పడుకోబెడదాం. చప్పుడు చెయ్యకూడదు, ఊరికే తాకకూడదు. దానికి చిన్న అదురు చాలు, ఫిట్స్ వస్తాయి. నిద్రమందు సూది సిద్ధంగా పెట్టుకుంటాను. కానీ అవసరం లేకుండా ఇస్తే మూడేళ్ళవాడికి ఊపిరి మందగిస్తుంది. అది ఏ చేదో నువ్వు తేల్చు. తేల్చేదాకా నేను ఇక్కడే ఉంటాను."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిలో నేల మీద కూర్చుంది. పగటిపూట ఎందుకు పడుకోవాలని సుగుణ అడుగుతుంటే తలుపు దగ్గరికి వేసి బయటకు వచ్చాను.

విషముష్టిని పట్టే పరీక్ష ఒకటి ఉంది కానీ, దానికి కావలసిన రసాయనం మా బీరువాలో లేదు. క్వినైన్ సంగతి వేరు. దాన్ని పలచని గంధకామ్లంలో కరిగించి ఎండలో పెడితే, రంగులేని ఆ నీళ్ళ అంచున నీలి వెలుగు కనిపిస్తుంది. ఎంత పలచన చేసినా ఆ వెలుగు అంత తేలికగా పోదు. కాలేజీలో మొదటిసారి చూసినప్పుడు నేను గొట్టాన్ని కిటికీ దగ్గరే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. అయితే దీనికి ఎండ కావాలి. దీపం వెలుగు చాలదు. డిసెంబరు పొద్దు అప్పటికే గుట్ట వైపు వాలుతోంది.

కేకు పిండి కొద్దిగా తీసి ఆమ్లంలో కలిపాను. వడపోత కాగితంలోంచి గోధుమరంగు నీళ్ళు చుక్కచుక్కగా దిగాయి. మరిన్ని నీళ్ళతో పలచన చేసి, గాజుగొట్టంలో పోసి వరండా మెట్ల మీదకు పరుగెత్తాను. వరండాలో ఉన్న డాక్టరమ్మ నల్ల గొడుగును తీసి విప్పి, దాని ముందు గొట్టం పట్టాను. నలుపు మీదైతే నీలం బాగా తెలుస్తుంది.

నీలం లేదు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాను. పలచని టీనీళ్ళలా ఉంది, అంతే.

క్వినైన్ కాకపోతే మిగిలేది ఒకటే. లోపలికి వెళ్ళి, గది తలుపు దగ్గర డాక్టరమ్మకు చెప్పడానికి నోరు తెరిచాను. గదిలోంచి అత్తమ్మ గొంతు చాలా మెల్లగా వినిపిస్తోంది.

"జర ఓపిక పట్టు బిడ్డా. గీ పాపిష్టి చేతులతోటి కలిపిన. గంత ఉప్పేసిన, గంత శక్కరేసిన, రుచి సూడకపోతి."

ఉప్పు. క్వినైన్ ద్రావణంలో ఉప్పు పడితే ఆ నీలి వెలుగు ఆరిపోతుంది. మందు అందులోనే ఉన్నా వెలగదు. పరీక్ష చెయ్యవలసింది పిండిని కాదు. ఉప్పు తగలని చోటు ఇంకొకటి ఉంది. అది కల్వం. బీరువాలోని పొడికీ ఉప్పు తగల్లేదు కానీ, అంత మసాలా రంగు, నూనె దిగితే ఆ వెలుగును కప్పేస్తాయి.

డాక్టరమ్మకు ఏమీ చెప్పకుండానే వెనక్కి తిరిగాను. కల్వంలో మిగిలిన మసాలాను నీళ్ళతో కడిగి పారబోశాను. ఆమ్లం పోసి, రాతి గుంటలు, గాట్లు నూరే బండతోనే రాపిడి చేశాను. ఆ నీళ్ళను వడపోసి పలచన చేసి, మళ్ళీ మెట్ల మీదకు వచ్చాను. ఎండ మెట్లు దాటి ప్రహరీ గోడ మీదకు ఎక్కింది. గోడ పక్కన పాత బల్ల ఒకటి ఉంటే దానిమీద నిలబడి, గొడుగు తెరిచి, చెయ్యి చాచి గొట్టాన్ని ఎండలో పెట్టాను.

గొట్టం అంచున నీలం లేచింది. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు మొదటి చుక్క నీళ్ళలో విచ్చుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. నీడలోకి తెస్తే పోయింది. ఎండలోకి చాపితే వచ్చింది. నేను ఆ పని చాలాసార్లు చేశాను.

డాక్టరమ్మ బయటికి వచ్చి, గొట్టం తీసుకుని తను కూడా చూసింది. "క్వినైన్ ఉందని తేలింది. విషముష్టి లేదని తేలలేదు," అంది. ఆ మాట కఠినంగా అనిపించింది కానీ సరైనదే. అయినా నిద్రమందు సూదిని పళ్ళెంలో పెట్టి గుడ్డ కప్పింది. పిల్లల పక్కన అలాగే కూర్చుని, దీపాలు పెట్టే వేళ దాకా వాళ్ళ చేతులు, దవడలు చూస్తూ ఉంది. ప్రసాదు నిద్రపోయాడు. చెవుల్లో తుమ్మెద ఉందని సుగుణ అంటే డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. క్వినైన్ ఎక్కువైతే చెవులు గింగురుమంటాయి.

వ్యాను వచ్చింది. దేవదానం గారు దిగీ దిగకముందే అడిగాను. విషముష్టిని ఇనుప రోట్లో దంచి, ఆ రోలును అప్పుడే పాడుబడ్డ పశువుల కొట్టంలో పారేశానని చెప్పారు. కల్వంలో నూరినవి క్వినైన్ బిళ్ళలేనట.

"మల్ల మల్ల కడిగిన గదమ్మా! అద్దం లెక్క కడిగిన. నా మనుమరాలి కేకు మసాల సుత దాంట్లనే నూరిస్తననుకున్న."

ఆయన చెప్పింది నిజమే. ఆయన కడిగింది నీళ్ళతో. క్వినైన్ నీళ్ళలో దాదాపు కరగదు, తడిసి రాతి గాట్లలోకి దిగుతుంది. ఆమ్లంతో గాని, స్పిరిటుతో గాని కడిగితేనే వస్తుంది. మామూలు రోజుల్లో ఒక మందు తర్వాత ఇంకో మందు నూరితే ఆ పిసరంత చేదు ఎవరికీ తెలిసేది కాదు. నూనె ఉన్న జాజికాయ, లవంగం పడి దాన్ని రాతిలోంచి లాగాయి. ఏడాదికి ఒక్కరోజు వంటింటిది అయ్యే కల్వం మా దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు. కాబట్టి ఈ పొరపాటూ మా దగ్గరే జరగాలి.

ఆ తర్వాత మసాలాకు వేరే కల్వం కొన్నారు. దానికి దేవదానం గారే ఎర్ర రంగు పూశారు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో రెండు ఆ రోజువి. ఒక మందు దేనిలో కరుగుతుందో దానితోనే దాని పాత్ర కడగాలి, కంటికి శుభ్రంగా ఉన్నంత మాత్రాన కడిగినట్టు కాదు. పరీక్షలో ఏమీ కనిపించకపోతే, లేదని రాసే ముందు గొట్టంలో ఇంకా ఏమేం ఉన్నాయో అడగాలి.

మర్నాడు క్రిస్మస్. పిండిని అత్తమ్మ ఎవరినీ రానివ్వకుండా తనే గుంట తీసి పూడ్చింది. ఉదయాన్నే గారెలు చేసింది. కొత్త బట్టలు వేసుకున్నాక ప్రసాదు గుండిగ మూత ఎత్తి, ఇసుక తప్ప ఏమీ లేకపోయేసరికి కేకేదని ఏడుపు మొదలుపెట్టాడు. ముందురోజు నీలం కనిపించిన గాజుగొట్టానికి బిరడా బిగించి, కొంగున కట్టి తెచ్చుకున్నాను. ఇద్దరినీ వాకిట్లోకి తీసుకువెళ్ళి ఎండలో పట్టి చూపించాను. నీలాన్ని చూసి పిల్లవాడు ఏడుపు మరిచిపోయాడు. అత్తమ్మ గడపలో నిలబడి వింటోంది.

సుగుణతో చెప్పాను. "నిన్న నువ్వు చేదన్నవు గద బిడ్డా. గదే ఇది. అందరికంటె ముందు నీకే తెలిసింది. ఇంకెప్పుడన్న నాలుకకు గిట్ల తగిలితే, అవ్వ కొట్టినా, నేను కొట్టినా మింగకు. ఉమ్మేసి, ఉరికొచ్చి నాకు చెప్పు. తమ్మునికి సుత గట్లనే చెప్పు."