తవిటయ్య కాసిన గుమ్మం

ఆటోనగర్‌లో డెంటింగ్ పని చేసే తవిటయ్యకు చెవులు వినబడవు. అక్కడ దాన్ని ఎవరూ లోటుగా లెక్కపెట్టరు. పొద్దస్తమానం రేకు మీద సుత్తి మోగే ఆ షెడ్డులో చెవులున్నవాళ్లు కూడా కేకలు వేసుకునే బతుకుతారు. ఆయన మాత్రం ఎదుటివాడి పెదాలు చూసి జవాబు చెబుతాడు. రేకు వెనక అరచెయ్యి ఆనించి ముందు సుత్తి వేస్తూ, సొట్ట ఎంత తేలిందో చేత్తోనే కనిపెడతాడు. నా స్కూటర్ డెంటింగ్ ఆయన దగ్గరే. బేరమాడబోతే మొహం పక్కకు తిప్పేసుకుంటాడు. పెదాలు చూడని మనిషితో ఎంతసేపని బేరమాడతాం?

చెవులు పోయింది చిన్నతనంలో. అప్పుడు వాళ్లది విజయనగరం వైపు పల్లె. క్షయ చేస్తే స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు పొడిచారు. జబ్బు తగ్గింది. తగ్గాక ఒకరోజు తల్లి గంగాలమ్మ అన్నానికి పిలిస్తే పిల్లాడు పలకలేదు. అలిగాడనుకుని ఆవిడ వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బ గుర్తుంది గానీ అమ్మ గొంతు గుర్తులేదని తవిటయ్య చెబుతాడు.

పెళ్లయి గాజువాకలో కాపురం పెట్టాక ఆయన ఒక కట్టడి చేశాడు. మా ఇంటికి సూది పడదు, మా ఇంటిపేరున్న ఎవరికీ సూది వేయకూడదు. మాత్రలు సరే, చుక్కలు సరే, సూది మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. పిల్లలకు జ్వరమొస్తే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. భార్య రామలక్ష్మమ్మ ఎదురు చెప్పలేదు. పుట్టింటికి వెళ్లొస్తానని చెప్పి, కొడుకులిద్దరికీ టీకాలన్నీ అక్కడే వేయించుకుని వచ్చేది. పెద్దవాడు దేవీప్రసాద్‌ను కుక్క కరిచినప్పుడు కూడా ఆవిడకు పుట్టింటి మీద ఉన్నట్టుండి బెంగ పుట్టుకొచ్చింది. పిల్లలు నిక్షేపంగా పెరిగారు. అదంతా తన కాపలా చలవేనని తవిటయ్య నమ్మకం.

నేను నగరంలోనే ఒక జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. వచ్చిన ఫలితాన్ని కుటుంబాలకు మామూలు మాటల్లో చెప్పడం నా ఉద్యోగం. ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. ఆడదాన్ని అడిగిన ప్రశ్నకు మగవాడు జవాబు చెప్పడం. ఈ ఇంట్లో జరిగిందీ అదే.

తవిటయ్య చెల్లెలు చిట్టమ్మను పరవాడ ఇచ్చారు. ఆమె కూతురు హేమశ్రీకి నిరుడు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కొద్దిరోజులకే పాప పాలు తాగడం మానేసింది, ఎగశ్వాస పట్టింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పిల్లల డాక్టరు భ్రమరాంబ గారు ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు, మీ వాళ్లలో ఎవరికైనా ఏదైనా మందు పడకపోవడం ఉందా అని హేమశ్రీని అడిగింది. అడగవలసిన మాటే అడిగింది. హేమశ్రీ, ఒక్క నిమిషం మేడం అని బయటికొచ్చి మేనమామకు వీడియో కాల్ చేసింది.

"మావయ్యా, పాపకి సూదిమందు ఎయ్యాలంతన్నారు. మనకి పడదు గదా, ఏటి సెయ్యమంతావ్?"

తవిటయ్య సుత్తి కింద పెట్టి, ఫోన్ మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు.

"మనకేటే? పడనిది మా ఇంటికి. మీ యమ్మ పెళ్లయి ఎల్లినప్పుడే ఆలింటి మనిషైపోనాది. నువ్వు ఇంకో ఇంటికెల్లేవు. నీ పిల్లకి మీ ఆయన ఇంటిపేరు. మా ఇంటి పీడ మీ గుమ్మం తొక్కదు. ఏయించీ."

ఆ మాటలో ఆయనకు కాస్త పెద్దరికం కూడా తోచి ఉంటుంది. హేమశ్రీ లోపలికెళ్లి, మావాళ్లలో అలాంటిదేమీ లేదని చెప్పింది. జెంటామైసిన్ ఎక్కించారు. పాప బతికింది. డిశ్చార్జి రోజున తవిటయ్య మనవరాలికి గౌను పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఆయన తన పెదాల వంకే చూస్తుండడం గమనించి, మీ చెవులు ఎలా పోయాయని డాక్టరు అడిగింది. ఆయన చెప్పాడు. జెంటామైసిన్‌దీ స్ట్రెప్టోమైసిన్ జాతే, ఆవిడ కుర్చీలో కూలబడింది. మర్నాడే అందరినీ మా ల్యాబ్‌కు పంపింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, మా దగ్గరికి చాలామంది ఇలాగే వస్తారు.

తవిటయ్య, చిట్టమ్మ, హేమశ్రీ, పాప, దేవీప్రసాద్. అందరి రక్తమూ తీశాం. సూదిని చూసి తవిటయ్య కళ్లు మూసుకున్నాడు గానీ చెయ్యి చాచాడు.

మా పరీక్షకు ఆధారం గోరంత గాజు పలక. దాని మీద కంటికి ఆనని చుక్కలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కో చుక్కలో డీఎన్ఏ పోగుల చిన్న ముక్కలు నాటి ఉంటాయి. డీఎన్ఏ అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి రాత. A ఎదురుగా T, G ఎదురుగా C కూర్చుంటేనే రెండు పోగులు గట్టిగా కరుచుకుంటాయి. మనం వెతికే చోట మామూలు అక్షరానికి సరిపోయేది ఒక చుక్క, మారిన అక్షరానికి సరిపోయేది దాని పక్క చుక్క. మనిషి డీఎన్ఏను ముక్కలు చేసి, మెరిసే రంగు కట్టి, పలక మీద పోసి వెచ్చగా ఉంచుతాం. అప్పుడు ముక్కలు రెండు చుక్కలకీ అంటుకుంటాయి. అసలు పని ఆ తర్వాత కడగడంలో ఉంది. నీళ్ల వేడి, ఉప్పు సరిగ్గా కుదిరితే, అన్ని అక్షరాలూ కలిసిన ముక్క నిలుస్తుంది, ఒక్కటి తప్పినది ఊడి కొట్టుకుపోతుంది. నీళ్లు చల్లబడితే తప్పుడు ముక్క కూడా వదలదు, మరీ వేడెక్కితే సరైనదీ ఊడుతుంది. చివరికి లేజరు వేసి ఏ చుక్క మెరిసిందో చూస్తాం.

ఇదంతా కాగితం మీద గీసి, పెదాలు నిదానంగా కదుపుతూ తవిటయ్యకు చెప్పాను. ఆయన మధ్యలోనే ఆపాడు.

"తెలిసిందమ్మా. బోల్టు కన్నం ఒకటి తప్పినా డోరు ఆనుతాది. గట్టిగా గుంజితే ఊడొచ్చేత్తాది. అదే గదా?"

అదేనన్నాను. ఇంతకంటే బాగా నేను ఏ కుటుంబానికీ చెప్పలేదు, ఆ పోలిక అప్పటి నుంచి నేనే వాడుకుంటున్నాను.

ఫలితం చూపించాను. తవిటయ్యకు మారిన చుక్క మెరిసింది. చిట్టమ్మకూ అదే. హేమశ్రీకీ, పాపకూ అదే. A ఉండాల్సిన చోట G ఉంది. ఒకే ఒక్క అక్షరం. అది ఉన్నవాళ్లకు స్ట్రెప్టోమైసిన్ జాతి మందులు చెవి లోపలి సున్నితమైన కణాలను చంపేయగలవు. అన్ని సూదులూ కాదు, ఆ ఒక్క జాతి. దేవీప్రసాద్‌కు మాత్రం మామూలు చుక్కే మెరిసింది.

"ఈ అక్షరం ఉండేది మైటోకాండ్రియా అనే వాటిలో. మన కణాలకు కరెంటు ఇచ్చేవి అవే, కణంలో ఉన్న పరవాడ కరెంటు ప్లాంటు అనుకోండి. అవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయి, తండ్రి నుంచి రావు. గంగాలమ్మగారి నుంచి మీ ఇద్దరికీ వచ్చింది. మీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మీ చెల్లెలి దగ్గర ఆగలేదు," అన్నాను. మీ కొడుకులు, మనవలు నిశ్చింతగా ఉండొచ్చని కూడా చెప్పాను, అది మంచి కబురు కాబట్టి.

ఆయన మంచి కబురును పట్టించుకోలేదు. నేను గీసిన కాగితం మీద తన పేరు నుంచి కొడుకు పేరు దాకా వేలు జరిపాడు. మళ్లీ వెనక్కొచ్చి చెల్లెలి మీదుగా పాప దాకా జరిపాడు.

"నాను ఈ గుమ్మం కాసేను," అన్నాడు. "అది ఆ గుమ్మాన ఎలిపోనాది. తలుపు నానే తీసేను."

చిట్టమ్మ అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది. హేమశ్రీ నన్నడిగింది, పాపకు వినబడుతుందా అని. ఆ సంగతి పలక చెప్పదు. అది అపాయం ఉందని చెబుతుంది, జరిగిందని చెప్పదు. కొందరు తప్పించుకుంటారు. అది తేల్చాల్సింది చెవి పరీక్ష.

పరీక్ష రోజున నన్నూ రమ్మన్నారు. చెవి పరీక్షలు చేసే బెన్సన్, పాప చెవుల్లో గొట్టాలు పెట్టి, తెర చూసి, గొట్టాలు మార్చి మళ్లీ చూసి, నా వంక తిరిగి తల అడ్డంగా ఊపాడు. అదింకా ఎవరికీ చెప్పలేదు. ఈలోగా తవిటయ్య సంచిలోంచి రేకు ముక్క, సుత్తి తీశాడు. మిషన్ మీద ఆయనకు గురి లేదు.

రేకు వెనక అరచెయ్యి ఆనించి, సుత్తి వేశాడు. నేను ఉలిక్కిపడ్డాను. వరండాలో వాళ్లు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. హేమశ్రీ చేతిలోని పాలసీసా కింద పడింది. బల్ల మీద వెల్లకిలా పడుకున్న పాప పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తోంది. ఆయన పాప రెప్పల వంక చూస్తూ ఇంకోటి వేశాడు. దెబ్బ ఎంత గట్టిగా పడిందో ఆయనకు అరచెయ్యి చెబుతుంది. పాప ఫ్యాన్‌నే చూస్తోంది.

ఆయన మా వైపు తిరిగాడు.

"ఇన్నాదా?"

మా ఎవరి పెదాలూ కదల్లేదు. కదలని పెదాలను చదవడం కూడా ఆయనకు వచ్చు.

రేకు, సుత్తి సంచిలో పెట్టేశాడు. బల్ల మీదికి వంగి, పాప కళ్లకూ ఫ్యాన్‌కూ మధ్య తన మొహం పెట్టాడు.

"నాను మీ తాతని," అన్నాడు, ఒక్కో అక్షరం దగ్గర నోరు బాగా తెరుస్తూ. "తా, త."

పాప ఆయన నోటి వంక చూసింది.