బుగ్గలు ఆగినయి

1998 వానాకాలం. బైలాడీలా కొండ కింద ఇనుప గని టౌన్‌షిప్‌లో ఒక చిన్న ఆసుపత్రి. పిల్లల వార్డులో నేను నర్సును. సొంతూరు శ్రీకాకుళం వైపు. ఆ వానల్లో కిటికీ అవతల వాగు ఎర్రగా పారేది, మబ్బు వార్డులోకి వచ్చి మంచాల మధ్య తిరిగేది. పగలంతా సగం కలలో పనిచేస్తున్నట్టు ఉండేది నాకు.

తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు మరైగూడ నుంచి కూతుర్ని చూసిపోదామని వచ్చిన గంగమ్మ, నొప్పులు పడుతున్న ఆ కూతుర్ని మా దగ్గరికి తీసుకొచ్చింది. అల్లుడు గనిలో కాంట్రాక్టరు కింద కూలీ. ఎనిమిదో నెల అప్పుడే పడింది. తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాం. రెండోది ఇచ్చేలోపే, మర్నాడు పొద్దున మగబిడ్డ పుట్టాడు. ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతున్నాడు. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పోయే దారిలో వంతెన మీద నీళ్ళు. వాడు బతికితే మా దగ్గరే బతకాలి.

మన ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గాలి సంచులు. వాటి గోడల్లో టైప్ టూ సెల్స్ అనే కణాలుంటాయి. సబ్బునీళ్ళలా జారే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారుచేసి, మూటలు కట్టి లోపలే దాచుకుంటాయవి. లోతుగా ఊపిరి పీల్చి సంచి సాగితే అదే వాటికి కబురు. మూట విప్పి గోడకు పూస్తాయి. ఆ పూత ఉంటే తడిగోడలు ఒకదానికొకటి అతుక్కోవు. నెలలు నిండని బిడ్డ దగ్గర మూటలే తక్కువ. తల్లికిచ్చే ఇంజెక్షన్ ఆ కణాలను తొందరపెట్టడానికే.

డాక్టరుగారు సీప్యాప్ పెట్టారు. ముక్కులో రెండు సన్నని గొట్టాల గుండా గాలి వెళుతుంది. ఇంకో గొట్టం కొస నీళ్ళసీసాలో మునిగి బుడగలు వదులుతుంటుంది. బుడగలు వస్తున్నంతసేపూ సంచులు మూసుకుపోకుండా ఒత్తిడి అందుతున్నట్టు లెక్క.

"ఆ కణాలు పని అందుకునేదాకా మనం తలుపు పట్టుకుని నిలబడాలమ్మా" అన్నారాయన.

గంగమ్మను పక్కన కూర్చోబెట్టి సీసా చూపించాను. "ఇవి ఆగితే నన్ను పిలువు పెద్దమ్మా." తలూపింది. వాన చప్పుడు, బుడగల చప్పుడు కలిసిపోయి జోలపాటలా ఉంది.

నేను వార్డు ఆ చివర ఇంకో బిడ్డకు సెలైన్ ఎక్కిస్తున్నాను.

"సిస్టరమ్మా, బుగ్గలు ఆగినయి" అంది గంగమ్మ నెమ్మదిగా.

మా వైపు బుగ్గలంటే చెంపలు. మూలిగినప్పుడల్లా ఉబ్బుతున్న బుగ్గలు సర్దుకున్నాయి, పిల్లాడికి కునుకు పట్టిందనుకున్నాను.

"మంచిది, పడుకోనియ్యి" అన్నాను. పైగా నవ్వాను కూడా.

"మంచిదేంది బిడ్డా? నువ్వే గద పిలువుమంటివి. సీసల బుగ్గలు ఆగినయంటున్న."

పరుగెత్తాను. ముక్కులోంచి గొట్టాలు జారిపోయాయి. మూలుగు లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి. మాస్కు పెట్టి, రబ్బరు బ్యాగ్ నొక్కి ఊపిరి అందించి, రంగు తిరిగాక గొట్టాలు సరిచేశాను. సీసాలో బుడగ లేచింది. సిగ్గుతో గంగమ్మ మొహం చూడలేకపోయాను.

మూడోనాడు మూలుగు మళ్ళీ ఆగింది. ఈసారి ముందు సీసా చూశాను. బుడగలున్నాయి. పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. వాడి గుండెల మీద చెయ్యి వేసి, లోపల ఒక్కొక్క మూటా విచ్చుకుంటోందని ఊహించుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఇంటికి వెళ్ళే రోజు గంగమ్మ మనవడి చెంప ముట్టి అడిగింది. "దీన్ని మీరు ఏమంటరు?"

"బుగ్గ."

"మరి సీసల లేసేది?"

"బుడగ."

"మాకైతే ఊదితే ఉబ్బేదంత బుగ్గనే" అంది.

హల్బీ, గోండీ లాంటి అక్కడి భాషలు మాట్లాడేవాళ్ళు ఏం చెప్పినా నేను రెండుసార్లు అడిగి తెలుసుకునేదాన్ని. గంగమ్మది నా భాషే కదా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడే రెండోసారి చెప్పింది కాబట్టి వాడు బతికాడు.